మిర్చి లాట్ల లిస్టు ఫోన్‌లో ఎందుకు స్టక్ అవుతోంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ముందు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే మీ బాబాయి గారి కోసం ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నారు. ఒక్కో వరసలో రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, క్వింటా ధర, కాయ ఫోటో ఉన్నాయి. ఈ సీజన్‌లో లాట్లు 4,000 దాటాయి. పైన ఆ రోజు మొత్తం చూపించే కార్డు, కింద లాట్ల లిస్టు రెండూ కలిసి కదలాలని నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూలో (లోపల పెట్టినవన్నీ కలిపి కదిలించే డబ్బా) రీసైక్లర్‌వ్యూ (పొడుగు లిస్టులు చూపించే ఆండ్రాయిడ్ భాగం) పెట్టారు. స్క్రీన్ తెరుచుకోవడానికే ఏడెనిమిది సెకన్లు పట్టింది. ఫోటోలు జోడించగానే యాప్ మూసుకుపోయింది. అప్పుడు లిస్టుకి ఎత్తు ఫిక్స్ చేశారు. ఇప్పుడు తెరుచుకుంటోంది గానీ గుమాస్తా గారి ఫోన్‌లో స్క్రోల్ స్టక్ అవుతోంది. ఫోటో లేని లాట్ మీద ఇంకో రైతు కాయ ఫోటో కనిపిస్తోంది. రేటు మారినప్పుడల్లా లిస్టంతా ఒక్కసారి మినుక్కుమంటోంది. ఒక లాట్ తెరిచి వెనక్కి వస్తే మళ్ళీ మొదటికి పోతోంది. "రీసైక్లర్‌వ్యూ వాడినా ఇలా ఎందుకు? మొత్తం కంపోజ్‌లో మళ్ళీ రాయాలా?" అన్నది మీ ప్రశ్న (కంపోజ్ అంటే ఆండ్రాయిడ్‌లో స్క్రీన్లు రాసే కొత్త పద్ధతి). కోడ్, స్క్రీన్‌షాట్ కూడా పెట్టారు.

మళ్ళీ రాయక్కర్లేదండి. సీజన్ మధ్యలో అసలే వద్దు. నేను విజయవాడలో పదమూడేళ్ళుగా ఇలాంటి యాప్‌లే రాస్తున్నాను. పార్శిల్ ఆఫీసులకి, మందుల హోల్‌సేల్ కొట్లకి, కోల్డ్ స్టోరేజీలకి రాశాను. ఈ వ్యాపారాల్లో యాప్ అంటే ముప్పావు వంతు లిస్టే. మీరు చెప్పినవన్నీ ఏదో ఒక రోజు నా యాప్‌లలోనూ వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు రీసైక్లర్‌వ్యూ చేసే పని ఏమిటో చూద్దాం. బెజవాడలో జనం కిటకిటలాడే టిఫిన్ హోటల్ ఒకటి గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నుంచి పదకొండు దాకా వెయ్యి మంది తిని వెళతారు. అలాగని ఓనరు వెయ్యి ప్లేట్లు కొనడు. నలభై మంది కూర్చునే చోటు ఉంటే అరవై ప్లేట్లు చాలు. ఒకరు లేచాక ప్లేటు లోపలికి వెళుతుంది, కడుగుతారు, ఇంకొకరి ముందుకు వస్తుంది. ఫోన్‌లో లిస్టు కూడా అంతే. స్క్రీన్ మీద 8 వరసలు పడితే డజను పైచిలుకు వరసలు తయారుచేసుకుంటే చాలు. పైకి వెళ్ళి కనుమరుగైన వరసనే కింద నుంచి వచ్చే లాట్‌కి వాడుకుంటుంది. ఆన్‌క్రియేట్‌వ్యూహోల్డర్ అంటే కొత్త ప్లేటు కొనడం. ఆన్‌బైండ్‌వ్యూహోల్డర్ అంటే ఉన్న ప్లేటులో వడ్డించడం. 2014లో ఆండ్రాయిడ్ 5 (లాలీపాప్)తో పాటు రీసైక్లర్‌వ్యూ వచ్చింది. అంతకుముందు లిస్ట్‌వ్యూలో కూడా పాత వరసని తిరిగి వాడుకునే వీలుండేది గానీ, అది మనం గుర్తుపెట్టుకుని చేయాల్సి వచ్చేది. రీసైక్లర్‌వ్యూ దాన్ని తప్పనిసరి చేసింది. ఐఫోన్‌లో టేబుల్‌వ్యూ పద్ధతి కూడా ఇదే.

ఇప్పుడు మీ స్క్రీన్ దగ్గరకి వద్దాం. ఎన్ని ప్లేట్లు కావాలో లెక్క వేసుకోవాలంటే రీసైక్లర్‌వ్యూకి తన ఎత్తు ఎంతో తెలియాలి. నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూ లోపల దానికి వ్రాప్‌కంటెంట్ ఎత్తు ఇస్తే "నీకు ఎంత కావాలంటే అంత తీసుకో" అని చెప్పినట్టు. అది నిజంగానే మొత్తం తీసుకుంటుంది. 4,000 వరసలకీ ఒకేసారి కొత్త ప్లేట్లు కొని, అన్నింట్లో వడ్డించి, అప్పుడు స్క్రీన్ చూపిస్తుంది. ఆ ఏడెనిమిది సెకన్లు ఇందుకే పట్టాయి. ఫోటోలు పెట్టగానే యాప్ మూసుకుపోయింది కూడా ఇందుకే. పేరుకి రీసైక్లర్‌వ్యూయే, కానీ ఒక్క వరస కూడా రీసైకిల్ కాలేదు.

ఎత్తు ఫిక్స్ చేశాక రీసైక్లింగ్ మొదలైంది, అందుకే తెరుచుకుంది. కానీ ఇప్పుడు స్క్రోల్ లోపల ఇంకో స్క్రోల్ ఉంది. వేలు కార్డు మీద పడితే ఒకటి కదులుతుంది, లిస్టు మీద పడితే ఇంకొకటి కదులుతుంది. దీనికి సరైన మార్గం ఒకటే. నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూని తీసేయండి. రీసైక్లర్‌వ్యూ ఒక్కటే స్క్రీన్ నిండా ఉండాలి. పైన కార్డుని ఆ లిస్టులోనే మొదటి వరసగా పెట్టండి. అడాప్టర్ అంటే డేటాని వరసలుగా మార్చి లిస్టుకి ఇచ్చే కోడ్. రెండు అడాప్టర్లని కలపడానికి కాన్‌క్యాట్‌అడాప్టర్ ఉంది, రీసైక్లర్‌వ్యూ 1.2.0 నుంచి దొరుకుతుంది. కార్డుకి ఒక చిన్న అడాప్టర్, లాట్లకి మీ పాత అడాప్టర్, రెండింటినీ కలిపి ఇస్తే చాలు. కార్డూ లిస్టూ ఒకే ముక్కలా కదులుతాయి.

కంపోజ్‌లో ఇదే తప్పు చేస్తే, అంటే స్క్రోల్ అయ్యే కాలమ్‌లో లేజీకాలమ్ (అక్కడ రీసైక్లర్‌వ్యూ లాంటిది) పెడితే, యాప్ అక్కడికక్కడే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. నా దృష్టిలో అది మంచి పద్ధతి, తప్పు ఆఫీసులోనే దొరుకుతుంది. ఫ్లట్టర్‌లో (యాప్‌లు రాసే ఇంకో పద్ధతి) లిస్టుకి ష్రింక్‌వ్రాప్ ట్రూ అని పెడితే మాత్రం మీకు జరిగినట్టే, ఏ ఎర్రరూ లేకుండా అన్ని వరసలూ తయారైపోతాయి.

సరిచేశాక నమ్మకం కుదరాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆన్‌క్రియేట్‌వ్యూహోల్డర్‌లో ఒక కౌంటర్ పెట్టి, పిలిచిన ప్రతిసారి ఆ అంకె లాగ్‌లో రాయించండి. స్క్రీన్ తెరిచి, కిందికి గట్టిగా విసిరి, మళ్ళీ పైకి రండి. అంకె 15, 20 దగ్గర ఆగిపోతే బాగున్నట్టు. స్క్రోల్ చేసేకొద్దీ పెరుగుతూనే ఉంటే ప్లేట్లు తిరిగి రావడం లేదన్నమాట. నేను ఏ కొత్త లిస్టు రాసినా మొదటి రోజే ఈ లాగ్ పెడతాను.

ఇక ఫోటోలు తారుమారు కావడం. ఈ తప్పు మీ కోడ్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. రీసైక్లింగ్ జరగనంత కాలం బయటపడలేదు, అంతే. మీరు పెట్టిన కోడ్‌లో "ఫోటో ఉంటే చూపించు" అని ఉంది. లేకపోతే ఏం చేయాలో లేదు. ప్లేటు కడగకుండా ఇంకొకరికి పెట్టినట్టు, ఇంతకుముందు ఆ వరసలో ఉన్న రైతు కాయ ఫోటో అలాగే ఉండిపోతుంది. బైండ్‌లో ఒక నియమం పెట్టుకోండి. వరసలో ఎన్ని భాగాలుంటే అన్నింటినీ ప్రతిసారీ సెట్ చేయాలి. ఫోటో లేకపోతే ఖాళీ బొమ్మ పెట్టాలి. ధర పడకపోతే ధర దగ్గర ఒక గీత పెట్టాలి. ఎరుపు రంగు పెట్టే షరతు ఉంటే, ఆ షరతు కాకపోతే మామూలు రంగు పెట్టే మాట కూడా రాయాలి. రాసిన ప్రతి ఇఫ్‌కి ఎల్స్ ఉందో లేదో ఒక్కసారి వేలుపెట్టి చూసుకోండి.

ఫోటో అయితే తప్పు కంటికి కనిపిస్తుంది. టిక్కు బాక్సుల్లో ఇదే తప్పు జరిగితే కనిపించదు, చాలా నష్టం చేస్తుంది. నా అనుభవం ఒకటి చెబుతాను. వన్‌టౌన్‌లో ఒక పార్శిల్ ఆఫీసుకి యాప్ రాసిన కొత్తలో, ప్రతి పార్శిల్ వరసలో "డెలివరీ ఇచ్చాం" అని టిక్కు పెట్టాను. టిక్కు మారితే వెంటనే డేటాబేస్‌లో రాసేలా లిజనర్ (టిక్కు మారగానే నడిచే కోడ్) పెట్టాను. వరస రీసైకిల్ అయినప్పుడు బైండ్‌లో నేను కొత్త పార్శిల్‌కి తగ్గట్టు టిక్కు మారుస్తున్నాను కదా, అప్పటికి ఆ బాక్సు మీద పాత పార్శిల్ లిజనరే ఉంది. అది "ఎవరో టిక్కు మార్చారు" అనుకుని పాత పార్శిల్ లెక్కని మార్చేసింది. అంటే ఆ గుమాస్తా ఊరికే స్క్రోల్ చేస్తే చాలు, ఎక్కడో ఒక పార్శిల్ డెలివరీ అయిపోయినట్టు రాసుకుపోయేది. ఒక బట్టల బేలు గోడౌన్‌లోనే ఉంది, లెక్కలో మాత్రం ఇచ్చేసినట్టుంది. నాలుగు రోజులు వెతికారు. ఆ గుమాస్తా జీతంలోంచి కోస్తామన్నారని తెలిసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, తప్పు ఆయనది కాదు, నా కోడ్‌దని ఓనరుకి ఫోన్‌లో చూపించి చెప్పాను.

అప్పటి నుంచి రెండు పనులు తప్పకుండా చేస్తాను. బైండ్‌లో మొదట లిజనర్ తీసేసి, తర్వాత టిక్కు సెట్ చేసి, ఆ తర్వాతే కొత్త లిజనర్ పెడతాను. టిక్కు ఉందా లేదా అన్నది వరసలో గానీ, వరస నంబరుతో గానీ దాచను. లాట్ ఐడీతో డేటాలో దాస్తాను. మీ యాప్‌లో "పట్టీ ఇచ్చాం" అనే టిక్కు ఉందని రాశారు (పట్టీ అంటే రైతుకి ఇచ్చే లెక్క చీటీ). దయచేసి ఈ రోజే అది చూడండి. రైతు డబ్బుతో ముడిపడిన టిక్కు అది.

స్టక్ కావడం గురించి. మామూలు ఫోన్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో మార్పుకి మనకి దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లు. 90 హెర్ట్జ్ స్క్రీన్ అయితే 11, 120 అయితే 8. ఆ కాస్త సమయంలో కొత్తగా వస్తున్న వరసకి బైండ్ జరగాలి, కొలతలు తీయాలి, గీయాలి. ఏది ఆలస్యమైనా ఆ మార్పు తప్పిపోతుంది, వేలికి అది కుదుపులా తెలుస్తుంది. అందుకే బైండ్‌లో వడ్డన మాత్రమే జరగాలి, వంట జరగకూడదు. మీ బైండ్ కోడ్ చూశాను. అక్కడ మూడు వంటలు జరుగుతున్నాయి.

మొదటిది, అన్నింటికంటే పెద్దది, ఫోటో. గుమాస్తా గారు కెమెరాతో తీసిన ఫోటో ఫైలుని అక్కడే తెరిచి పెడుతున్నారు. 12 మెగాపిక్సెల్ కెమెరా అనుకోండి. ఫోటో 4,000 బై 3,000 పిక్సెళ్ళు ఉంటుంది, అంటే కోటీ 20 లక్షల పిక్సెళ్ళు. ఫైలు మూడు నాలుగు ఎంబీలే కనిపిస్తుంది గానీ, తెరిచాక మెమరీలో ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు పడతాయి, మొత్తం దాదాపు 48 ఎంబీ. స్క్రీన్ మీద 8 వరసలుంటే 384 ఎంబీ. అదే వరసలో చూపించే బొమ్మ 200 బై 200 చాలు. దానికి 1,60,000 బైట్లే, అంటే 300వ వంతు. పైగా ఆ పెద్ద ఫోటోని తెరిచే పని స్క్రీన్‌ని గీసే మెయిన్ థ్రెడ్ మీదే జరుగుతోంది, ఆ 16 మిల్లీసెకన్లలో అది ఎప్పటికీ పూర్తి కాదు.

ఫోటోలు తెరిచే లైబ్రరీలు గ్లైడ్ గానీ కాయిల్ గానీ వాడండి, ఏదైనా పర్వాలేదు. రెండూ పక్క థ్రెడ్‌లో తెరుస్తాయి, బొమ్మ చోటుకి తగ్గట్టు చిన్నది చేస్తాయి, వరస రీసైకిల్ అయితే పాత ఫోటో తెచ్చే పని ఆపేస్తాయి. కానీ ఇమేజ్‌వ్యూకి వెడల్పూ ఎత్తూ ఖచ్చితంగా ఇవ్వండి. వ్రాప్‌కంటెంట్ ఇస్తే ఎంత చిన్నది చేయాలో వాటికి తెలియదు. ఇంకో లాభం, ఫోటో రాకముందే దాని చోటు రిజర్వు అయి ఉంటుంది కాబట్టి వరసలు ఎగిరెగిరి పడవు. నేనైతే ఫోటో తీసిన క్షణంలోనే చిన్న కాపీ ఒకటి చేసి పక్కన దాచమంటాను. లిస్టులో ఎప్పుడూ చిన్న కాపీయే తెరవాలి, నొక్కితే పెద్దది.

ఇక్కడ మిర్చికి ప్రత్యేకమైన మాట ఒకటి. మెమరీ తగ్గించడానికి రంగుల నాణ్యత తగ్గించే సెట్టింగ్ ఒకటుంది, పిక్సెల్‌కి 2 బైట్లే వాడేది. పార్శిళ్ళ ఫోటోలకి నేను వాడతాను. మీరు వాడొద్దు. కాయ మంచి ఎరుపా, రంగు తగ్గిందా, తాలు ఎంత కలిసింది అన్నది చూడటానికే కదా ఆ ఫోటో. సైజు తగ్గించండి, రంగు తగ్గించకండి.

రెండో వంట తేదీ. ప్రతి వరసకీ కొత్తగా డేట్ ఫార్మాటర్ తయారుచేస్తున్నారు. మూడోది డబ్బు లెక్క. టిక్కీ టిక్కీకీ తూకం తేడా ఉంటుంది కాబట్టి తూకాలన్నీ కూడి, 100తో భాగించి క్వింటాలు చేసి, ధరతో గుణించి, కమీషన్ తీసేసి, 1,25,000 అని కామాలు పెట్టి చూపిస్తున్నారు. అదంతా బైండ్‌లోనే. వరస పైకి వెళ్ళి మళ్ళీ కిందికి వస్తే మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఇవన్నీ డేటాబేస్ నుంచి తెచ్చినప్పుడే పక్క థ్రెడ్‌లో ఒక్కసారి చేసేయండి. వరసకి కావాల్సినవన్నీ తయారైన మాటలుగా ఉన్న చిన్న డేటా క్లాసు పెట్టుకోండి. పేరు, ఊరు, "23 టిక్కీలు", "రూ. 1,25,000" అన్నీ ముందే సిద్ధం. అప్పుడు బైండ్ అంటే ఐదారు టెక్స్ట్‌లు పెట్టడం, ఒక ఫోటో అడగడం, అంతే. డబ్బుని డబుల్‌లో (దశాంశాల సంఖ్యగా) దాచారని గమనించాను. దాన్ని పైసల్లో లాంగ్‌గా (పూర్ణ సంఖ్యగా) మార్చండి. స్క్రోల్‌తో సంబంధం లేదు గానీ, పట్టీలో పైసా తేడా వస్తే రైతుకి జవాబు చెప్పుకోవాల్సింది మీ బాబాయి గారే.

రేటు మారినప్పుడు లిస్టంతా మినుక్కుమనడానికి కారణం నోటిఫై డేటాసెట్ చేంజ్డ్. "అంతా మారిపోయింది, అన్నీ మళ్ళీ వేసుకో" అని చెప్పడం అది. మారింది ఒక్క లాట్ ధర. లిస్ట్‌అడాప్టర్‌కి మారండి. లోపల డిఫ్‌యుటిల్ ఉంటుంది, పాత లిస్టూ కొత్త లిస్టూ పోల్చి ఏ వరస మారిందో అదే కనిపెడుతుంది, ఆ పోలిక కూడా పక్క థ్రెడ్‌లోనే. మీరు రెండు ప్రశ్నలకి జవాబు రాయాలి. ఈ రెండు వరసలూ ఒకే లాట్‌వా? దీనికి ఐడీ ఒక్కటే పోల్చండి. లోపలి సమాచారం అదేనా? దీనికి డేటా క్లాసు మొత్తం పోల్చండి.

ఇక్కడ చాలామంది ఒక చోట ఇరుక్కుంటారు. పాత లిస్టులోనే ఒక లాట్ ధర మార్చి, అదే లిస్టుని మళ్ళీ సబ్మిట్‌లిస్ట్‌కి ఇస్తారు. స్క్రీన్ మీద ఏమీ మారదు. అదే లిస్టు కదా అని అడాప్టర్ పట్టించుకోదు. లిస్టు కాపీ చేసి ఇచ్చినా, లోపల ఉన్న లాట్ వస్తువు అదే అయితే పాతదీ కొత్తదీ ఒకటే అయి, తేడా దొరకదు. మార్చిన లాట్‌ని కాపీ చేసి, దాన్ని కొత్త లిస్టులో పెట్టి ఇవ్వండి. మారిన ఆ ఒక్క వరస కూడా కాస్త మెరుస్తుంటే "ధర మాత్రమే మారింది" అని పేలోడ్ పంపండి, అప్పుడు ఫోటో కదలకుండా అంకె మాత్రం మారుతుంది. వేలం జరుగుతున్నప్పుడు ఫోన్ చూస్తున్న మనిషికి ఇది ఎంత హాయిగా ఉంటుందో మీరే చూస్తారు.

వెనక్కి వస్తే మొదటికి పోవడానికి మీ కోడ్‌లో కారణం తేలిగ్గానే దొరుకుతుంది. ఆన్‌రెజ్యూమ్‌లో (స్క్రీన్ ముందుకు వచ్చినప్పుడల్లా నడిచే కోడ్) ప్రతిసారీ కొత్త అడాప్టర్ తయారుచేసి పెడుతున్నారు. అడాప్టర్‌ని ఒక్కసారే పెట్టండి, డేటా వ్యూమోడల్‌లో (స్క్రీన్ డేటాని విడిగా దాచే చోటు) ఉండనివ్వండి. ఆ తర్వాత కూడా ఒక్కోసారి మొదటికి పోతే దానికి ఇంకో కారణం ఉంటుంది. స్క్రీన్ మళ్ళీ తయారైనప్పుడు "నువ్వు 312వ వరస దగ్గర ఉన్నావు" అని ఫోన్ గుర్తుచేస్తుంది. ఆ సమయానికి డేటా ఇంకా రాలేదు, వరసలే లేవు, ఆ గుర్తు వృథా అవుతుంది. అడాప్టర్‌లో స్టేట్ రిస్టోరేషన్ పాలసీ అని ఉంది. దానికి "లిస్టు ఖాళీగా ఉన్నంత సేపు ఆగు" అన్న విలువ పెడితే, డేటా వచ్చాకే ఆ చోటికి వెళుతుంది. ఇది కూడా 1.2.0 నుంచే ఉంది.

పేజింగ్ (లాట్లని కొన్ని కొన్ని చొప్పున తెచ్చుకోవడం) పెట్టాలా అని చివర్లో అడిగారు. ఇప్పుడు వద్దని నా అభిప్రాయం. ఒక్కో లాట్‌కి 500 బైట్లు వేసుకున్నా 4,000 లాట్లకి 2 ఎంబీ. ఒక్క ఫోటో తెరిచిన దాంట్లో 24వ వంతు. డేటాని ఫోన్‌లోనే రూమ్ అనే డేటాబేస్ లైబ్రరీతో పెట్టుకోండి, సిగ్నల్ లేకపోయినా లిస్టు తెరుచుకోవాలి. సర్వర్ నుంచి కొత్తవీ, మారినవీ మాత్రం తెచ్చుకోండి. వచ్చే ఏడు మూడు నాలుగు కొట్లు కలిసి లక్ష లాట్లయితే అప్పుడు పేజింగ్ లైబ్రరీ ఆలోచించవచ్చు.

సర్వర్ నుంచి 50 చొప్పున తెచ్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. "మొదటి 50 వదిలేసి తర్వాతి 50 ఇవ్వు" అని ఆఫ్‌సెట్‌తో అడగకండి. గుమాస్తా గారు మొదటి 50 చూస్తుండగా కొత్త లాట్ ఒకటి పైన చేరిందనుకోండి. అన్నీ ఒక మెట్టు కిందికి జరిగాయి. ఇందాక 50వది ఇప్పుడు 51వది. రెండో పేజీలో అదే మళ్ళీ వస్తుంది. ఒకే లాట్ రెండుసార్లు కనిపిస్తే ఆయన టిక్కీలు రెండుసార్లు కూడతారు. ఏదైనా లాట్ తీసేస్తే ఇంకా ప్రమాదం, ఒక లాట్ అసలు కనిపించకుండానే పోతుంది. బదులుగా "చివరగా నేను చూసింది ఈ తేదీ, ఈ ఐడీ, దానికంటే పాతవి 50 ఇవ్వు" అని అడగండి. పైన ఎన్ని చేరినా మీ చోటు మారదు. తేదీ ఒక్కటే పెడితే ఒకే నిమిషంలో వచ్చిన రెండు లాట్ల దగ్గర తేడా వస్తుంది, ఐడీ కూడా తప్పకుండా పెట్టండి. ఆఫ్‌సెట్‌తో ఇంకో ఇబ్బంది, వదిలేయాల్సిన వరసల్ని కూడా డేటాబేస్ ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. లోపలికి వెళ్ళేకొద్దీ నెమ్మదిస్తుంది.

తెలుగు అక్షరాల సంగతి ఎవరూ అడగరు గానీ చెప్పాలి. మీ స్క్రీన్‌షాట్‌లో వరస ఎత్తు డీపీల్లో (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) ఫిక్స్ అయి ఉంది, "క్రోసూరు", "ప్రత్తిపాడు" దగ్గర కింద వత్తులు సగం కోసుకుపోయాయి. ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని పెట్టిన ఎత్తు మన వత్తులకి చాలదు. పైగా వయసులో పెద్దవాళ్ళు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుని వాడతారు. ఎత్తు ఫిక్స్ చేయకుండా కనీస ఎత్తు మాత్రం ఇవ్వండి, ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు అన్నిటికంటే పెద్దవి చేసి ఒకసారి చూడండి. పేరుకి ఒక లైను, ఊరుకి ఒక లైను చాలు, పొడుగైతే చివర చుక్కలు రానివ్వండి. ధర మాత్రం ఎప్పుడూ పూర్తిగా కనిపించాలి.

ఇంత చెప్పాక అసలైన మాట ఒకటుంది. మీ బాబాయి గారి కొట్లో ఒక పూట కూర్చుని, గుమాస్తా గారు ఆ లిస్టుని ఎలా వాడుతున్నారో చూడండి. 4,000 వరసలు ఎవరూ చదవరు. ఆయన ముందు ఒక రైతు నిలబడి ఉంటాడు, ఆ రైతు లాట్ కావాలి, ఆయన దానికోసమే విసురుతున్నాడు. స్క్రోల్ ఎంత సాఫీగా చేసినా ఆ వెతుకులాట తప్పదు. కాబట్టి తెరవగానే ఈ రోజు వచ్చినవి మాత్రం చూపించండి. పైన తేజ, 334, 341 అని రకాల బటన్లు పెట్టండి, "ధర పడనివి" అని ఒకటి పెట్టండి. నా అంచనా ప్రకారం రోజంతా ఎక్కువ వాడేది ఆ చివరి బటనే.

వెతకడానికి పేరు మీద మాత్రం ఆధారపడకండి. ఒకే ఊళ్ళో ఒకే పేరు ముగ్గురికి ఉంటుంది. రాసేటప్పుడు ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో కొడతారు, ఇంగ్లీషులో ఒకే ఊరిని నాలుగు రకాలుగా రాస్తారు. లాట్ నంబరుతో, ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలతో వెతికేలా చేయండి. నేను కోల్డ్ స్టోరేజీ యాప్‌లో ఇది పెట్టాక అక్కడివాళ్ళు స్క్రోల్ చేయడం దాదాపు మానేశారు. నొక్కే చోటు ఎత్తు 48 డీపీలకి తగ్గకూడదు. యార్డులో చేతులకి కారం, దుమ్ము ఉంటాయి, ఎండలో నిలబడి చూస్తారు. లేత బూడిద రంగు అక్షరాలు మన ఏసీ గదిలో అందంగా ఉంటాయి, అక్కడ కనపడవు.

పరీక్షించేటప్పుడు మీ ఫోన్ పక్కన పెట్టి గుమాస్తా గారి ఫోన్‌లోనే చూడండి, అదీ రిలీజ్ బిల్డ్‌తో. డీబగ్ బిల్డ్ సహజంగానే నెమ్మది, దాన్ని చూసి లేనిపోని టెన్షన్ పడొద్దు. డెవలపర్ ఆప్షన్స్‌లో హెచ్‌డబ్ల్యూయూఐ రెండరింగ్ ప్రొఫైల్ ఆన్ చేస్తే స్క్రీన్ కింద నిలువు గీతలు వస్తాయి, అడ్డంగా ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. ఆ గీత 16 మిల్లీసెకన్లది. స్క్రోల్ చేస్తుంటే నిలువు గీతలు దాన్ని దాటకుండా ఉండాలి. ఎక్కడైనా ఒక్కటి పొడుగ్గా లేస్తే, ఆ క్షణంలో ఏ వరస వచ్చిందో చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది.

అన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ముందు "పట్టీ ఇచ్చాం" టిక్కు సరిచేసి ఈ రాత్రికే వాళ్ళకి ఇచ్చేయండి. తర్వాత నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూ, ఆ తర్వాత ఫోటోలు, ఆ తర్వాత మిగతావి. నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూ తీశాక ఆ కౌంటర్ అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. 20 లోపు ఉండి ఇంకా స్టక్ అవుతుంటే, ఆకుపచ్చ గీత కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్, మార్చిన బైండ్ కోడ్ పెట్టండి, చూసి చెబుతాను.